ఒక్క కిడ్నీ ఉన్న మనిషి మీ ఇంట్లో ఉంటే

(ఆస్పత్రి ఓ.పి. హాలులో రోగుల బంధువులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)

చుండూరు, తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు నుంచి పొద్దున్నే బస్సుకో, రైలుకో బయలుదేరి వచ్చి, చీటీ రాయించుకుని డాక్టరుగారి పిలుపు కోసం కూర్చున్నారు. ఆ కూర్చున్న సమయంలో కొంచెం నాకు ఇవ్వండి. ఈరోజు రోగుల గురించి కాదు, రోగులు కాని కొందరి గురించి చెబుతాను. ఒక్క కిడ్నీతో బతుకుతున్నవారి గురించి.

నేను నర్సింగు డిప్లొమా చదివి ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. "సిస్టరమ్మా, ఒక్క కిడ్నీతో మనిషి ఎన్నాళ్లు బతుకుతాడు?" అనే ప్రశ్న వినని నెల లేదు. అడిగేవాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు, మంచం మీద ఉన్న మనిషికి వినబడకూడదని. నేను మాత్రం ఆ మనిషికి కూడా వినబడేలా పెద్దగానే చెబుతాను. మిగిలిన కిడ్నీ బాగుంటే, దాన్ని బాగా చూసుకుంటే, అందరిలాగే బతుకుతాడు.

ఒక్క కిడ్నీ ఉన్నవారు మూడు రకాలు. కొందరు పుట్టుకతోనే ఒకదానితో పుడతారు. దాదాపు వెయ్యి, రెండు వేల మందిలో ఒకరు ఇలా ఉంటారు. చాలామందికి ఆ సంగతే తెలియదు, వేరే దేనికో కడుపు స్కానింగు తీసినప్పుడు బయటపడుతుంది. కొందరికి గడ్డ వల్లనో, రాయి ఏళ్ల తరబడి అడ్డుపడి పాడైపోవడం వల్లనో, ప్రమాదంలో దెబ్బ తగలడం వల్లనో ఒకటి తీసేయవలసి వస్తుంది. ఇక మూడోవారు దాతలు. కన్నబిడ్డకో, తోబుట్టువుకో, కట్టుకున్నవారికో తమ కిడ్నీ ఇచ్చినవారు.

మన కిడ్నీ ఒక్కొక్కటి పిడికిలి అంత ఉంటుంది. పది, పన్నెండు సెంటీమీటర్ల పొడవు, ఇంచుమించు 150 గ్రాముల బరువు. ఒక్కోదానిలో సుమారు 10 లక్షల సన్నని జల్లెళ్లు ఉంటాయి. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా వడగట్టి, ఒంటికి కావలసినదంతా తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా వదులుతాయి. ఒకటి తీసేస్తే రెండోది ఊరికే ఉండదు. కొన్ని వారాల్లో, నెలల్లో కొంచెం పెద్దదై, మునుపు రెండూ కలిసి చేసిన పనిలో నూటికి 60, 70 వంతులు తానే చేస్తుంది. ఒంటికి అది సరిపోతుంది. ఒంటెద్దు బండి కూడా ఊరు చేరుతుంది, బస్తాలు మాత్రం చూసి వేయాలి.

కిడ్నీ మార్పిడి లోకంలో మొదటిసారి విజయవంతమైంది 1954 డిసెంబరు 23న, అమెరికాలోని బోస్టన్‌లో. ఇచ్చినవారు రోనాల్డ్ హెరిక్, పుచ్చుకున్నవారు ఆయన కవల సోదరుడు రిచర్డ్. రిచర్డ్ మరో ఎనిమిదేళ్లు బతికారు. కిడ్నీ ఇచ్చిన రోనాల్డ్ ఒక్క కిడ్నీతో 56 ఏళ్లు గడిపి, 2010లో 79వ యేట కన్నుమూశారు. మన దేశంలో బతికున్న దాత నుంచి తీసిన కిడ్నీ మార్పిడి మొదట విజయవంతమైంది 1971లో, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రిలో. అంతదూరం ఎందుకు, 2003లో పారిస్ ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో లాంగ్ జంప్‌లో 6.70 మీటర్లు దూకి మన దేశానికి కాంస్యం తెచ్చిన అంజూ బాబీ జార్జ్ గుర్తున్నారా? తనకు ఉన్నది ఒక్క కిడ్నీయేనని ఆమె 2020లో స్వయంగా చెప్పారు. కాబట్టి మీ ఇంట్లో అలాంటివారు ఉంటే వారిని మూల గదిలో మంచం మీద కూర్చోబెట్టనవసరం లేదు.

అయితే ఇందులో రెండో మాట ఉంది. దానికోసమే ఈ ప్రసంగం.

చుండూరుకు దగ్గర పల్లెలో ఒక పెద్దమ్మ ఉంది. పేరు చెప్పను. నలభై నాలుగో ఏట పెద్ద కొడుక్కి కిడ్నీ ఇచ్చింది. పట్నంలో ఆపరేషన్ చక్కగా జరిగింది. కొడుకు కోలుకున్నాడు, ఆటో నడుపుకుంటున్నాడు. ఇంట్లో అతని మందులకు ఒక డబ్బా, రిపోర్టులకు ఒక ఫైలు, నెలనెలా రక్త పరీక్షకు తీసుకెళ్లడానికి ఒక తమ్ముడు. ఎనిమిదేళ్ల తర్వాత ఆమె చిన్న కోడలి కాన్పుకు తోడుగా మా దగ్గరకు వచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతుంటే ఊరికే బి.పి. చూశాను. 170, 100 ఉంది. పాదాలు నొక్కితే గుంట పడింది. "నీ కిడ్నీకి పరీక్ష ఎప్పుడు చేయించావు పెద్దమ్మా?" అని అడిగాను. "నాకెందుకమ్మా పరీక్ష? జబ్బు వాడికి గదా" అంది.

మొదటి ఏడాది దాటాక ఆమెకు ఒక్క పరీక్ష కూడా జరగలేదు. ఆమె కూడా అడగలేదు. క్రియాటినిన్ 2.1 వచ్చింది, మూత్రంలో ఆల్బుమిన్ పోతోంది, రక్తం 8 గ్రాములే ఉంది. కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటే బయటపడింది. మినుము పీకే రోజుల్లో మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో బిళ్లలు కొని పూటకొకటి వేసుకునేది. అది తగ్గకపోతే ఊళ్లో ఆర్.ఎం.పి. గారి దగ్గర ఇంజెక్షన్. ఇక తిండి సంగతి. కొడుకు డయాలసిస్ మీద ఉన్న రోజుల్లో ఎవరో రాసిచ్చిన తిండి పట్టీ ఒకటి గోడకు అంటించి ఉంది. పప్పు వద్దు, గుడ్డు వద్దు, అరటిపండు వద్దు, కూర ముక్కలు ఉడికించి నీళ్లు వంపేయాలి. కొడుక్కి కొత్త కిడ్నీ వచ్చాక డాక్టర్లు అతని తిండి మార్చారు గాని, ఆ పట్టీ మాత్రం గోడ మీదే ఉండిపోయింది. కిడ్నీ ఒకటే ఉంది కదా అని ఆమె తనకు తానే దాన్ని పాటించింది. ఆ చప్పిడి కూర గొంతు దిగక ఏం చేసేది? ఆవకాయ కలుపుకునేది. అంటే తినవలసిన పప్పూ గుడ్డూ మానేసి, తగ్గించవలసిన ఉప్పు రెట్టింపు తిన్నది.

నేను ఆమెను కోప్పడలేదు. ఆ ఇంట్లో ఏడుగురు పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్లను కోప్పడ్డాను.

నొప్పి బిళ్లలు ఆపించి, బి.పి. మందు మొదలుపెట్టి, తిండి సరిచేశాక ఆరు నెలలకు క్రియాటినిన్ 1.5కు వచ్చింది. ఇప్పటికీ అక్కడే నిలిచి ఉంది. పోయిన పనితనం మొత్తం తిరిగి రాలేదు. ఇంకో రెండేళ్లు ఆలస్యమైతే కొడుక్కి తప్పించిన డయాలసిస్ మంచం మీదకు తల్లి చేరేది.

కాబట్టి మొదట గోడ మీది పట్టీ సంగతి. కిడ్నీ చెడిపోయిన మనిషి వేరు, ఒక్క కిడ్నీ ఉన్న ఆరోగ్యవంతుడు వేరు. పాడైపోయిన కిడ్నీ పొటాషియంను బయటకు పంపలేదు కాబట్టి డయాలసిస్ మీద ఉన్నవారికి కొబ్బరి నీళ్లు, అరటిపండు, పళ్లరసాలు ప్రమాదం. కూర ముక్కల నీళ్లు వంపేయమనేది కూడా అందుకే. ఉద్దానం వార్తలు టీవీలో చూసి, అక్కడి రోగులకు చెప్పిన పత్యాలు ఇక్కడ పాటించేవారిని కూడా చూశాను. మీ ఇంట్లోని మనిషి కిడ్నీ సరిగ్గా పనిచేస్తోందని డాక్టరుగారు చెప్పినంత కాలం ఈ పత్యాలు ఏవీ అవసరం లేదు. ఆకుకూరలు, కాయగూరలు, జామపండు, అరటిపండు అన్నీ తినవచ్చు. ఒకే ఇంట్లో డయాలసిస్ మనిషి, ఒక్క కిడ్నీ మనిషి ఇద్దరూ ఉంటే రెండు కంచాలు వేరుగా ఉండాలి. వంటచేసే ఆడపడుచులకు కష్టమే, నాకు తెలుసు. పప్పు, కూర పొయ్యి మీద నుంచి దించేముందు రోగికి కావలసినది వేరుగా తీస్తే కొంత సులువు అవుతుంది.

మాంసకృత్తుల గురించి రెండు వైపులా పొరపాట్లే జరుగుతాయి. కొందరు పూర్తిగా మాన్పిస్తారు. కొందరు, ముఖ్యంగా జిమ్‌కు వెళ్లే కుర్రవాళ్లు, డబ్బాల్లో వచ్చే ప్రోటీను పొడి తాగుతారు. కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాము చాలు. అరవై కిలోల మనిషికి 48 గ్రాములు. రెండు పూటలా గరిటెడు పప్పు, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలో పెరుగో, దానితోపాటు మనం తినే అన్నం, రొట్టెలోనిది కలిస్తే దాదాపు అక్కడికి వచ్చేస్తాం. ప్రోటీను పొడులు ఎవరికీ మంచిది కాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనే చెప్పింది. ఒక్క కిడ్నీ వాళ్లకు మరీ వద్దు. ఆదివారం కోడికూర వండుకుంటే ఆ మనిషికీ నాలుగు ముక్కలు వేయండి. రోజూ పూటపూటా మాంసం మాత్రం వద్దు.

ఉప్పు దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మన గుంటూరు సీమ నోటికి ఇది బాధ కలిగించే మాట. పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు లోపు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక చిన్న టీ చెంచా, కూరలోనూ పచ్చడిలోనూ మజ్జిగలోనూ అన్నిటిలోనూ కలిపి. ఇంట్లో లెక్క చూసుకోవడానికి నేను ఒక ఉపాయం చెబుతాను. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు, కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్లు వస్తోందో కొన్న తేదీ ప్యాకెట్టు మీద రాసి చూడండి. ఇది చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వుతారు, పదిహేను రోజులే వస్తుందని.

అందులోనూ ఊరగాయలకు వేసే రాళ్ల ఉప్పు లెక్కలోకి రాదు. ఆవకాయలో కారం ఎంత పోస్తామో ఉప్పు కూడా దగ్గర దగ్గర అంతే పోస్తాం. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, రేపల్లె, నిజాంపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పు చేపలు, బజ్జీల పిండిలో వేసే వంట సోడా, ఇవన్నీ కనబడని ఉప్పే. సైంధవ లవణం వాడితే ఫరవాలేదు అంటారు, అదీ ఉప్పే. పచ్చడి పూర్తిగా మానమంటే ఎవరూ మానరు, నేనూ మానను. గిన్నెలోంచి వేలితో తీసుకున్నంత, ఒక పూట, వారంలో కొన్ని రోజులు. అన్నంలో విడిగా ఉప్పు కలపవద్దు. మజ్జిగలో ఉప్పు బదులు నిమ్మకాయ, కరివేపాకు, అల్లం వేసి ఇవ్వండి. నోరు మూడు, నాలుగు వారాల్లో అలవాటు పడుతుంది. మొదటి వారం మాత్రం ఇంట్లో గొడవ జరుగుతుంది, ఓర్చుకోవాలి.

ఇంత చెప్పడం ఎందుకంటే ఉప్పు బి.పి.ని పెంచుతుంది, బి.పి. ఆ జల్లెళ్లను నలిపేస్తుంది. షుగరు కూడా అంతే. బి.పి. 130, 80కి అటూ ఇటూ ఉండేలా చూసుకోవాలి. చుట్ట, బీడీ, గుట్కా మానాలి. దీని మీద ఎక్కువ చెప్పను, మీకు తెలియనిది కాదు.

నీళ్లు ఎంత తాగాలి? ఒక్క కిడ్నీ కదా, దానికి శ్రమ తగ్గించాలని కొందరు నీళ్లు తగ్గిస్తారు. కడగాలని కొందరు బిందెడు తాగిస్తారు. రెండూ వద్దు. రోజుకు రెండు, రెండున్నర లీటర్లు. ఎండలో కూలికి వెళ్లేవారికి ఇంకా ఎక్కువ కావాలి. మూత్రం లేత పసుపుగా ఉంటే సరిపోయినట్టు, ముదురుగా ఉంటే చాలలేదన్నట్టు. మే నెలలో పొలానికి వెళ్లేటప్పుడు సీసా నీళ్లు ఇచ్చి పంపండి. ఆడవాళ్లు పొలంలో చాటు దొరకదని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉంటారు. ఈ మాట మగవాళ్లు వినాలి. అలా బిగబట్టడం వల్ల మూత్రంలో చీము, మంట వస్తాయి, ఉన్న ఒక్క కిడ్నీకి అదే పాకుతుంది.

ఇక బిళ్లలు. పెద్దమ్మ కిడ్నీని ఎక్కువగా దెబ్బతీసింది ఇవే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్, ఈ పేర్లు ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. ఇవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. రెండు కిడ్నీలు ఉన్నవారికి ఎప్పుడైనా ఒకటి వేసుకుంటే పెద్దగా ఏమీ కాకపోవచ్చు. ఒక్కటే ఉన్నవారికి, అందులోనూ వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు, రెండు రోజుల్లోనే దెబ్బతీయవచ్చు. నొప్పికి, జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వాడుకోవచ్చు. కానీ జాగ్రత్త, పారాసెటమాల్‌తో ఎసిక్లోఫెనాక్ కలిపిన బిళ్లలు వస్తాయి. "మామూలు జ్వరం బిళ్లేలే" అని ఇస్తారు. అట్ట మీద పేరు చదివించుకోండి, చదువుకునే పిల్లలు ఉంటారు కదా. నాటు మందులు, భస్మాలు వద్దు, వాటిలో కొన్నిట్లో పాదరసం, సీసం ఉంటాయి. గ్యాస్ బిళ్లలు కూడా డాక్టరు చెప్పకుండా ఏళ్ల తరబడి మింగవద్దు. ఏ ఆస్పత్రికి వెళ్లినా, ఇంజెక్షన్ వేయించుకునేముందు, రంగు మందు ఎక్కించి స్కానింగు తీసేముందు, "మాకు ఒక్క కిడ్నీయే ఉంది" అని మొదటి మాటగా చెప్పండి. ఆ మనిషికి స్పృహ లేని సమయంలో అది మీరే చెప్పాలి. జేబులోనో పర్సులోనో ఒక చీటీ రాసి పెట్టించండి.

ఈ లక్షణాలు కనబడితే తెల్లారేదాకా ఆగకండి. మూత్రం బాగా తగ్గిపోవడం లేదా ఆగిపోవడం, నడుము పక్కన నొప్పితో చలి జ్వరం, మూత్రంలో రక్తం, ముఖం ఉబ్బడం. రెండు కిడ్నీలవారికి రాయి ఒకవైపు అడ్డుపడితే రెండోది నడిపిస్తుంది. ఒక్కటే ఉన్నవారికి రాయి అడ్డం పడితే ఆ రోజే ఆస్పత్రిలో ఉండాలి. విరేచనాలు మొదలైన గంటలోనే ఓ.ఆర్.ఎస్. మొదలుపెట్టండి. వరి కోతల్లో రక్తపింజరి కరిస్తే దాని విషం నేరుగా కిడ్నీలను చెడగొడుతుంది. మంత్రం దగ్గరకు తీసుకెళ్లి రెండు గంటలు పోగొట్టవద్దు.

పరీక్షలు ఏడాదికి ఒక్కసారి చాలు. బి.పి., రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, షుగరు. ఒక్క కిడ్నీ వాళ్లకు క్రియాటినిన్ మామూలు కంటే ఒక గీత ఎక్కువ ఉండవచ్చు, 1.2 చూసి ఏడవనవసరం లేదు. నిరుడు ఎంత, ఈ ఏడు ఎంత అన్నది చూడాలి. అందుకే పాత రిపోర్టులు పారేయవద్దు. కిడ్నీ ఇచ్చిన ఆడపిల్లలు గర్భం దాల్చవచ్చు, అయితే ఆపరేషన్ తర్వాత ఎంతకాలం ఆగాలో అడిగి, కాన్పు అయ్యేదాకా బి.పి. జాగ్రత్తగా చూపించుకోవాలి. కొంచెం ఎక్కువగా వాతం, బి.పి. పెరిగే అవకాశం ఉంది.

దాతల కుటుంబాలు భయపడకుండా ఒక లెక్క చెబుతాను. అమెరికాలో 96 వేల మందికి పైగా దాతలను పరిశీలించి 2014లో ప్రచురించారు. జీవితకాలంలో కిడ్నీ పూర్తిగా చెడిపోయే అవకాశం దాతల్లో పది వేల మందికి 90గా లెక్కకట్టారు. అంటే నూటికి ఒకరు కూడా కాదు. కానీ దానం చేయని, అంతే ఆరోగ్యవంతుల్లో అది 14 మాత్రమే. చిన్న ప్రమాదమే, కానీ లేకపోలేదు. ఇవ్వబోయేవారికి రెండు సంఖ్యలూ చెప్పాలి. ఇంట్లో ఎవరు ఇవ్వాలి అన్నప్పుడు అందరి చూపూ తల్లి వైపో, భార్య వైపో వెళుతుంది. ఆమె తల ఊపుతుంది. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, "నీకు ఇష్టమేనా, భయంగా ఉందా" అని అడిగినవారు ఎంతమంది? పరీక్షల్లో ఆమెకు బి.పి.యో షుగరో ఉందని తేలితే బలవంతం చేయవద్దు. జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకునే దారి ఉంది.

డబ్బుకు కిడ్నీ అమ్ముకునే మాట ఎవరైనా తెస్తే ఆ మనిషిని గడప దాటనివ్వవద్దు. 2024 జూలైలో గుంటూరులో ఒక ఆటో డ్రైవరు పోలీసులకు ఫిర్యాదు చేశారు. 30 లక్షలు ఇస్తామని చెప్పి కిడ్నీ తీసుకుని, చేతిలో పెట్టింది బహు కొంచెమని. పత్రికల్లో మీరూ చదివి ఉంటారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టాన్ని 2011లో సవరించాక, ఈ బేరం చేసినవారికి 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా ఉంది. డబ్బు ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే. అలా అమ్ముకున్నవారు భయంతో ఏ డాక్టరుకూ చెప్పరు, ఏడాది పరీక్షకూ రారు. మీకు తెలిసినవారు అలా ఉంటే, వారిని మేము పోలీసులకు పట్టించం, నిందించం. ముందు బి.పి. చూస్తాం. తీసుకురండి.

ఇప్పుడు డాక్టరుగారు వచ్చారు, నేను ముగిస్తాను. మీలో ఎవరి ఇంట్లోనైనా ఒక్క కిడ్నీ ఉన్నవారు ఉంటే, ఈసారి వచ్చేటప్పుడు రోగితోపాటు వారినీ తీసుకురండి. పాత రిపోర్టులు, వాడుతున్న బిళ్లల అట్టలు అన్నీ ఒక సంచిలో వేసుకుని తెండి. పొద్దుటి మూత్రం తీసుకురావడానికి శుభ్రమైన డబ్బా ల్యాబు కిటికీ దగ్గర ముందురోజే ఇస్తారు, అడిగి తీసుకోండి. బి.పి. చూసే బల్ల దగ్గర నేనే ఉంటాను.